ఐజాక్ బాబాయ్ మట్టి

ఐజాక్ బాబాయ్ ఎదురైతే పలకరింపు ఉండదు. మన ముక్కు కింద గుప్పెడు మట్టి పెడతాడు. వాసన చూసి బాగుందంటే గానీ దారి వదలడు. అలాంటి మనిషిని మా రోడ్డు మీదికే రానివ్వకుండా చేసినవాణ్ణి నేను.

స్టీల్‌ప్లాంటులో రిటైరయ్యాక ఆయన పని ఇదే. సబ్బవరం వైపు ముసలి చెట్ల మొదళ్ళలో మట్టి తవ్వి, టిఫిన్ క్యారేజీలో తెచ్చి, మా రోడ్డు పక్క కొత్త మొక్కలన్నిటి వేళ్ళకీ పెట్టడం. బస్సులో కండక్టర్ చేత వాసన చూపించాడు. మేనకోడలు స్టెఫీ పెళ్ళిలో పెళ్ళికొడుకు చేతా చూపించాడు. అతను తుమ్మిన తుమ్ముకి పాస్టరుగారు ప్రార్థన మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నారు.

"ఇందులో తెల్లటి బూజుంది సూడు. సెట్టు ఏరు ఎల్లలేని కాడికి ఇదెల్లి నీల్లు తెత్తాది. సెట్టు దీనికి తిండెడతాది. ఎంత ఎండకైనా మొక్క తట్టుకుంటాది" అనేవాడు. నేను సగమే వినేవాణ్ణి.

రుషికొండ రోడ్డులో నలభై మొక్కలకి నీళ్ళు పోసే పని నాది. జూన్ తనిఖీకి ఐదుకి మించి చచ్చిపోతే నా ఉద్యోగం పోతుందని కాంట్రాక్టరు గంగాధరరావు ముందే చెప్పాడు. మార్చిలో ఒక మొక్క దగ్గర కలుపు తీస్తుంటే వేళ్ళకి తెల్లటి దారాలు కనిపించాయి. బడి మానేసినా పుస్తకాలు చదివినవాణ్ణి కదా, బూజంటే తెగులేనని తేల్చేశాను. ద్వారకా నగర్‌లో బూజు మందు కొని పోశాను. ఇరవై మొక్కలకే డబ్బా ఖాళీ అయింది.

ఏప్రిల్ ఎండకి సరిగ్గా ఆ ఇరవయ్యే వాడిపోయాయి. మిగతావి నిక్షేపంగా ఉన్నాయి. నా మందు ఆ మంచి బూజునే చంపేసిందని నాకు అర్థమైంది. అయినా గంగాధరరావు అడిగితే, ఐజాక్ బాబాయ్ మట్టి వల్లేనన్నాను. ఆయన్ని పిలిపించారు. బాబాయ్ నా ముఖం ఒకసారి చూసి, తన మట్టిదే తప్పని ఒప్పుకున్నాడు. ఇక ఈ రోడ్డు మీదికి రావద్దన్నారు.

వారం తిరక్కుండా, ఒక పొద్దున్న ఆయన వాడిపోయిన మొక్కలకి కొత్త మట్టి పెట్టి, ఎండుటాకులు కప్పుతూ దొరికాడు. రావద్దన్నారు కదా అంటే, వాకింగ్‌కి వచ్చానన్నాడు, చేతిలో గునపంతో. మే నెలంతా అలాగే నడిచాడు.

జూన్‌లో చూస్తే మూడే పోయాయి. గుండెల మీది బండ దిగినట్టయింది. తిన్నగా వాళ్ళింటికెళ్ళి, మందు పోసింది నేనేనని చెప్పేశాను.

"తెలుసురా. డబ్బా మొక్క కాడే ఒగ్గేసేవు. ఆ కాంట్రాక్టరు సూత్తే నీ పని పోద్దని నానే అట్టుకొచ్చీసేను" అన్నాడు బాబాయ్.

ఆయనే మళ్ళీ అన్నాడు:

"ఇంకోపాలి తప్పు సేత్తే డబ్బా నువ్వే దాసుకో. మంచం కింద అది సూసి, ఏటిది ఏటిది అని మీ పిన్ని రెండు నెల్లు నన్ను నిద్రపోనివ్వలేదు."