ఆఖరి ప్లేటు మీద సుద్ద రాత

మా వెల్డింగ్ మాస్టారు పోయారన్న కబురు నాకు బెంజ్ సర్కిల్ దగ్గర, స్కూటరు మీద ఉండగా తెలిసింది. ఫోను చేసింది మాస్టారి భార్య. "మాస్టారు తెల్లారుజామున ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారండీ. నిద్రలోనే. మీకు చెప్పకుండా ఉండలేకపోయాను," అన్నారావిడ. వెనక బస్సు హారను కొడుతోంది. ముందు ఆఫీసు వైపు తిప్పాను, తర్వాత ఇంటి వైపు తిప్పాను. హెల్మెట్ తీయకుండానే మా పక్కనే ఉన్న వాళ్ళింట్లోకి వెళ్ళానని తర్వాత మా ఆవిడ చెబితే తెలిసింది.

ఈ నాలుగు మాటలు రాయడానికి కూర్చుని లేవడం ఇది ఐదోసారి. ఒక చోట కుదురుగా కూర్చోలేకపోవడం నా జబ్బు. దానికి మాస్టారు మూడేళ్ళు వైద్యం చేశారు. నయం కాలేదు గానీ, జబ్బు ఉందని మాత్రం తెలిసింది.

మీకు కారు సంగతి చెప్పాలి. మైలవరం అవతల ఒక మామిడితోటలో, రేకుల షెడ్డులో, పాత విదేశీ స్పోర్ట్స్ కారు ఒకటి నా కంటపడింది. రెండే సీట్లు, పైకప్పు లేదు. డ్రైవరు సీట్లో కోడి పొదుగుతోంది. పిల్లలు అయ్యేదాకా ఆగమన్నాడు తోట యజమాని. ఆగితే నేనెందుకవుతాను? కోడినీ గుడ్లనూ బుట్టలోకి మార్పించి, కారును లారీ ఎక్కించి పటమటలో మా ఇంటి ముందు దింపించాను. "పైకప్పు లేని కారులో బెజవాడ ఎండకి మనిద్దరం అప్పడాల్లా వేగుదామా?" అంది మా ఆవిడ. వేగడానికైనా అది ముందు నడవాలి. బాడీ విప్పి చూస్తే, బండి బరువంతా మోసే చాసిస్ తుప్పు పట్టి, ఏడెనిమిది చోట్ల బీటలు వారి ఉంది. ఆ బీటల మీద కొత్త ఇనుప ప్లేట్లు వేసి బలం చేకూర్చాలి. వెల్డింగ్ మెషిన్ కొనేసుకుని, ఫోనులో నాలుగు వీడియోలు చూసి మొదలుపెట్టేశాను.

పక్కింటి ప్రహరీ మీంచి ఒక గొంతు వినిపించింది. "ఏవండీ, అది అతుకా, పిచ్చుక గూడా?"

ఆయనే మాస్టారు, ఐ.టి.ఐ.లో జీవితమంతా వెల్డింగ్ నేర్పి రిటైరైన మనిషి. అంతకు ముందు మా మధ్య నమస్కారాలు తప్ప మాటల్లేవు. మర్నాడు సాయంత్రం మొహానికి అడ్డం పెట్టుకునే తన పాత వెల్డింగ్ అద్దంతో గేటు తీసుకుని వచ్చారు. "కారు సంగతి నాకు తెలీదండీ. ఇనుము సంగతి కొంచెం తెలుసు," అన్నారు. మూడేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా ఆ కారులో కూర్చోలేదు. ఎంత స్పీడు పోతుందని అడగలేదు. చాసిస్ పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేవారు, అంతే.

ఆయన పద్ధతులు ఆయనవి. ప్లేటు కోయడానికి ముందు అట్టతో నమూనా చేయాలి. ఆ అట్ట పెళ్ళి శుభలేఖే అయి ఉండాలి. "ఇంత గట్టి అట్ట, ఇంత నున్నటి అట్ట బజార్లో దొరకదండీ," అని వీధిలో అందరినీ అడిగి తెచ్చేవారు. పసుపు పూసిన మూలలు కత్తిరించి, శుభలేఖను చాసిస్ మూలకి ఆనించి, గోటితో మడత పెట్టి, మళ్ళీ కత్తిరించి, మళ్ళీ ఆనించేవారు. నమూనా ఇటూ అటూ వెంట్రుక మందం తేడా లేకుండా కూర్చున్నాకే దాన్ని ఇనుప రేకు మీద పెట్టి సుద్దతో గీత గీసేవారు. అది బడిలో వాడే సుద్ద కాదు, వెల్డర్లు వాడే రాతిసుద్ద. నేను పక్కన నిలబడి కాలు ఆడిస్తూ ఉండేవాణ్ణి. "తొందర మీదండీ, ఇనుముది కాదు," అనేవారు తలెత్తకుండా.

ఒకసారి కంకిపాడు వైపు వెళుతుంటే కాలువ లాకుల దగ్గర స్కూటరు ఆపమన్నారు. నీళ్ళు ఆపే ఇనుప గేటు దగ్గరికి వెళ్ళి, దాని అంచు మీద అరచెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డారు. కుర్రతనంలో ఆ గేటుకి ఆయనే అతుకు వేశారట. ఇక వెళదామా అని నేను మూడుసార్లు అన్నాను. "ఉండండి. దీన్ని పలకరించి చాలా కాలమైంది," అన్నారు. అప్పుడు నాకు నవ్వొచ్చింది.

ఇప్పుడు నా వెధవ పని ఒకటి చెప్పాలి. చెప్పకపోతే ఆయనేమిటో మీకు తెలియదు.

అతుకు వేసేటప్పుడు వేడికి ఇనుము సాగుతుంది, చల్లారుతూ ముడుచుకుంటుంది. ఒకే పక్క గబగబా వేసుకుంటూ పోతే చట్రమంతా ఆ పక్కకి లాగేసుకుంటుంది. అందుకని కాస్త ఇటు, కాస్త అటు వేస్తూ, మధ్యలో చల్లారనివ్వాలి. ఈ సంగతి మాస్టారు నాకు కనీసం నూరుసార్లు చెప్పి ఉంటారు. ఒక ఆదివారం ఆయన చర్చికి వెళ్ళారు. ఆరాధన అయ్యేలోపు ఒక పక్క పూర్తి చేసి ఆయన్ని ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. ఎడమవైపు నాలుగు ప్లేట్లూ ఏకబిగిన వేసేశాను. చల్లారాక కారు తలుపు చట్రంలో పెట్టి చూస్తే పట్టలేదు. నిజం ఒప్పుకోవాల్సింది పోయి, గ్రైండరుతో అతుకులు నున్నగా చేసి, దాని మీద బూడిదరంగు పెయింటు కొట్టేశాను.

మాస్టారు తెల్ల చొక్కాలోనే, చేతిలో బైబిలుతోనే వచ్చారు. చాసిస్ చుట్టూ ఒకసారి తిరిగారు.

"పెయింటు ఎందుకండీ అప్పుడే?" అన్నారు.

ఆయన బైబిలు కుర్చీలో పెట్టి, జేబులోంచి నూలుదారం తీసి, ఒక కొస నాకిచ్చి చాసిస్‌ను మూల నుంచి మూలకు కొలిచారు. తర్వాత రెండో మూల నుంచి కొలిచారు. రెండు కొలతలూ సమానంగా రావాలి, బొటనవేలంత తేడా వచ్చింది. ఇంటికి వెళ్ళి, లుంగీ కట్టుకుని వచ్చి గ్రైండరు నా చేతిలో పెట్టారు. వేసినవన్నీ కోయించారు. దానికి ఐదు ఆదివారాలు పట్టింది. ఐదు ఆదివారాలూ ఎదురుగా కూర్చున్నారు. తిట్టి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

అప్పటినుంచి ప్రతి ప్లేటు మీదా అతుకుల వరస సుద్దతో రాసేవారు. ఒకటి, టీ, రెండు, మూడు, టీ, నాలుగు. "నోటితో చెబితే మీరు వినరు. రాస్తే చదువుతారు కదా," అన్నారు. టీ అని రాసిన చోట మెషిన్ కట్టేసి నిజంగానే టీ తాగాలి. గ్లాసు ఖాళీ అయినా ఆయన లేచేవారు కాదు. ఇనుముకి దగ్గరగా చేతి వెనక వైపు పెట్టి చూసి, "ఇంకా ఉంది," అనేవారు. నా మోకాలు దానంతటదే ఆడుతుంటే దాని మీద చెయ్యి వేసి ఆపేవారు. ఆ చేతి బరువు నాకు ఇప్పుడు కూడా తెలుస్తోంది.

ఆఖరి ప్లేటుకి నమూనా, గుడివాడలో మా బంధువుల పెళ్ళి శుభలేఖతో చేశారు. కుడివైపు వెనక మూల. ప్లేటు కోసి, వంచి, రెండు అతుకు చుక్కలతో అంటించి, వరస కూడా రాసిపెట్టారు. "వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక వేసేద్దామండీ," అన్నారు. ఆ ఆదివారమే పెళ్ళి. కుదరదు మాస్టారూ, వారం ఆగుదాం అన్నాను. ఆయన నవ్వారు. "మీరే ఆగుదామంటున్నారా," అన్నారు. మూడేళ్ళలో నేను ఆగుదామన్నది ఆ ఒక్కసారే. పెళ్ళి అయిన రెండో రోజున ఆయన పోయారు.

సమాధి కార్యక్రమం అయింది, ఓదార్పు ప్రార్థనల ఆదరణ కూడిక అయింది. నేను పొద్దున లేవడం, చాసిస్ దగ్గరికి వెళ్ళడం, ఆ ప్లేటు చూడడం, లోపలికి వచ్చేయడం. ఆయన చేతిరాతంటూ నా దగ్గర ఉన్నది అదొక్కటే. అతుకు వేస్తే ఆ మంటకి రాత కాలిపోతుంది. వేయకపోతే బండి ఎన్నటికీ లేవదు, ఆయన పని సగంలో నిలిచిపోతుంది. ఆఫీసులో ఉంటే ఇంటికి రావాలనిపించేది, ఇంట్లో ఉంటే బయటికి పోవాలనిపించేది. మెషిన్ ఆన్ చేయడం, ఆపేయడం, ఇదే పని.

ఒక సాయంత్రం మాస్టారి భార్య ఆయన వెల్డింగ్ అద్దం పట్టుకుని వచ్చారు. నేను విషయం చెప్పాను. ఆవిడ వంగి ఆ రాత చూశారు. చాలాసేపు చూశారు.

"ఇది దాచుకోడానికి రాశారటండీ ఆయన?" అన్నారు. "చెయ్యడానిక్కదా రాసింది. నాకైతే ఇన్నేళ్ళలో ఒక ఉత్తరం ముక్క కూడా రాయలేదు. అయినా నేను ఉన్నానా లేదా? కానివ్వండి." అద్దం నా చేతిలో పెట్టి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ వెళ్ళిపోయారు.

ఆదివారం ఆరాధన అయ్యే వేళకి మొదలుపెట్టాను. ఒకటి వేశాను. టీ అని ఉంది. మెషిన్ కట్టేసి టీ తాగాను. చెయ్యి పెట్టి చూశాను, ఇంకా ఉంది. కూర్చున్నాను. రెండు, మూడు వేశాను. మళ్ళీ కూర్చున్నాను. మోకాలు ఆడితే నా చెయ్యే వేసుకున్నాను. నాలుగు కూడా వేశాక, పొగ తేలిపోయాక, అద్దం ఎత్తి చూశాను.

రాత పోలేదు. అంచులు కాస్త గోధుమరంగుకి తిరిగాయి గానీ, అంకెలన్నీ అలాగే ఉన్నాయి. వెల్డర్ల సుద్ద మంటకి కాలదట. ప్రతి ప్లేటు మీదా ఇలాగే మిగిలే ఉండి ఉంటుంది. నేను అతుకు అవడం ఆలస్యం గ్రైండరూ, పెయింటూ పట్టుకునేవాణ్ణి. ఏం మిగిలిందో చూసేపాటి ఓపిక మూడేళ్ళలో ఒక్క రోజు కూడా లేకపోయింది.

అప్పుడే ఇంకొకటి కూడా చూశాను. మిగతా ప్లేట్లన్నిటి మీదా వరస నాలుగుతో ఆగిపోయేది. దీని మీద నాలుగు తర్వాత, ప్లేటు అంచున, చిన్నగా ఇంకో టీ రాసి ఉంది.

మా ఆవిడను అడిగి ఆ టీ కూడా తెప్పించుకున్నాను. తాగుతూ ఇనుము చల్లారేదాకా కూర్చున్నాను, చల్లారాక కూడా కూర్చున్నాను. మన గాలికి వారం తిరక్కుండా తుప్పు పట్టేస్తుంది, పెయింటు కొట్టాల్సిందే. డబ్బా, బ్రష్షు ఆయన కుర్చీ పక్కనే ఉన్నాయి. మూత తీద్దామని రెండుసార్లు చెయ్యి చాచాను.

పెయింటు ఎందుకండీ అప్పుడే?