రాహుకాలానికి ముందు రెండో కేబుల్

గడ్డపోతారంలోని ఆ మందుల ఫ్యాక్టరీలో నేను అప్పటికి కాంట్రాక్టు మనిషిని. కంప్యూటర్ల నెట్‌వర్కు చూసుకునేవాణ్ణి. ఏటా గడువు ముగిసే ముందు పైవాళ్ళ మొహాలు చూస్తూ తిరగడం కూడా నా పనిలో భాగమే. ఆ ఏడు మేనేజరుగారు మాటిచ్చారు: "ఈ రెండో కేబుల్ పని సవ్యంగా చేసి చూపించు, నిన్ను పర్మనెంట్ చేయిస్తాను."

కంప్యూటర్ల తీగలన్నీ వచ్చి కలిసే పెట్టెను స్విచ్ అంటాం. గోడౌన్లోని స్విచ్‌కీ ల్యాబులోని స్విచ్‌కీ మధ్య ఒక్కటే కేబుల్ ఉండేది. అది తెగితే కాంటాల దగ్గర స్క్రీన్లు ఆగిపోయేవి. అందుకని రెండో కేబుల్ వేసి, రెంటినీ కలిపి ఒకటిగా వాడాలి. కాకపోతే ఆ సంగతి రెండు వైపులా స్విచ్‌లలో ముందే సెట్ చేసి ఉంచాలి. చేయకుండా గుచ్చితే, ఒక కేబుల్లో వెళ్ళిన సమాచారం రెండో దాంట్లో తిరిగొచ్చి, అలా తిరుగుతూనే ఉండి మొత్తం నెట్‌వర్కును ముంచేస్తుంది. దాన్ని ఆపే ఏర్పాటు మా పాత స్విచ్‌లలో పనిచేసేది కాదు.

మా దగ్గర కొత్తది ఏది పెట్టినా కొబ్బరికాయ కొట్టి మేనేజరుగారే మొదలుపెట్టాలి. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ ఆయన ఫోన్లో పంచాంగం చూడనిదే మందు తయారయ్యే రియాక్టర్ మూత కూడా తెరవనివ్వరు. వైరింగు వాళ్ళు గోడౌన్ వైపు కొన అప్పటికే పెట్టేసి వెళ్ళారు. నేను ల్యాబు స్విచ్ సెట్ చేసి గోడౌన్‌కు బయల్దేరబోతుంటే, ఆయన కొబ్బరికాయ పళ్ళెంతో సహా ల్యాబులో దిగారు.

"సార్, జెర ఆగున్రి. అవతల స్విచ్ ఇంకా కాలే" అన్నాను.

"కాసేపట్లో రాహుకాలం వచ్చేస్తోందయ్యా. అవతలి సంగతి తర్వాత చూసుకుందువుగానీ."

"గట్ల పెడితే అంతా ఆగిపోతది సార్!"

"శుభమా అని పెడుతుంటే ఆ మాటలేంటి?" అని కసిరి, కేబుల్‌కు బొట్టు పెట్టి గుచ్చేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. మర్యాదకు నేనూ కొట్టాను.

చప్పట్లు ఆగకముందే ల్యాబులో స్క్రీన్లు బిగుసుకుపోయాయి. గోడౌన్ నుంచి కాంటా ఆపరేటర్ ఫోన్ చేశాడు. "ఏందన్నా గిది, బరువు కంప్యూటర్ల ఎక్కుతలేదు. బండ్లన్నీ ఆగినయ్!" పర్మనెంట్ సంగతి దేవుడెరుగు, ఉన్నది కూడా ఊడినట్టే అనుకున్నాను. వెంటనే ఆ బొట్టు పెట్టిన కేబుల్‌ను పీకేశాను. అన్నీ మళ్ళీ నడిచాయి.

మేనేజరుగారు నా భుజం తట్టి, "చూశారా, ఎంత పెద్ద సమస్యని ఎంత త్వరగా పట్టేశాడో!" అని అందరికీ చూపించారు.

ఆ మెప్పుతోనే నన్ను పర్మనెంట్ చేశారు. రెండో కేబుల్ మాత్రం ఫ్యాక్టరీకి అచ్చిరాలేదని మళ్ళీ పెట్టనివ్వలేదు. నాకు ఒళ్ళు మండిన మాట నిజం. మిఠాయి పంచిన మాట కూడా నిజమే. ఇప్పటికీ ఆ ఒక్క కేబుల్ తెగినప్పుడల్లా అందరూ నాకోసమే కేకలు వేస్తారు. అది అలా తెగుతున్నంత కాలం నా ఉద్యోగానికి ఢోకా లేదు.