ఐదు లైన్ల ప్రోగ్రాం

మా కంప్యూటర్ మాస్టారు పోయారని మొన్న పొద్దున్న క్లాసు వాట్సాప్ గ్రూపులో చూశాను. నిమిషంలో నమస్కారాల బొమ్మలు వరస కట్టాయి. 'మన జీవితాలు తీర్చిదిద్దిన మహానుభావుడు' అని ఒకడు పెట్టాడు. ఛీ, మన మొహాలకి! ఆయన ఉద్యోగం ఊడగొట్టింది మనమే కదర్రా.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. విజయనగరంలో మాదొక ప్రైవేటు డిగ్రీ కాలేజీ. ఆయన మాకు సి లాంగ్వేజీ చెప్పేవారు. పాతపట్నం మనిషి, యాస దాచుకునేవారు కాదు. ప్రోగ్రాం ముందు కాగితం మీద రాసి, గట్టిగా చదివి వినిపిస్తే గానీ కీబోర్డు ముట్టనిచ్చేవారు కాదు. "కంప్యూటరుకి బుర్ర నేదురా. నువ్వు సెప్పిందే సేస్తాది. సెప్పడం రాక దాన్ని తిడితే ఏటొస్తాది?" అనేవారు. మేం వెనక కిసుక్కున నవ్వేవాళ్లం. మా ఇళ్లలో మాట్లాడేదీ ఆ యాసే, అయినా నవ్వేవాళ్లం.

మొదటి ప్రోగ్రాం ఐదే లైన్లు. తెర మీద మన పేరూ, ఊరూ పడాలి. అదీ చేతకాని ఘనులం. ఒక సీనియర్ రికార్డు తెచ్చి, చివర వచ్చిన ఫలితంతో సహా దించేశాం. నలభై రికార్డుల్లోనూ ఆ సీనియర్ పేరే, ఆడపిల్లల వాటిలో కూడా. అందరి ఊరూ పొందూరే.

"ఏటర్రా, పొందూరు పొందూరంతా నా క్లాసులోనే ఉన్నాదేటి?" అని అన్నీ తిరిగి ఇచ్చేశారు. "మీ పేరు మీరు రప్పించి సూపండి, సంతకం పెడతాను."

సంతకం లేకపోతే ప్రాక్టికల్స్‌కి కూర్చోనివ్వరు. ఐదు లైన్లు నేర్చుకుంటే సరిపోయేది. మేమా నేర్చుకునేది? ఆయనకి పాఠం చెప్పడం రాదని ప్రిన్సిపాల్‌కి అర్జీ పెట్టాం. రాసింది నేనే. రెండు పేజీలు, గడగడా. మొదటి సంతకమూ నాదే. పిల్లలు కాలేజీ మారిపోతారని భయపడి, ఆ పిరికి ప్రిన్సిపాల్ వారంలో ఆయన్ని తీసేశాడు. మా రికార్డుల మీద ఇంకెవరో చూడకుండానే సంతకాలు గీకేశారు.

ఆఖరి రోజు తన పుస్తకాల కోసం ల్యాబ్‌కి వచ్చారు. నేనొక్కణ్ణే ఉన్నాను.

"అర్జీ బాగా రాసినావురా. ఎవుడి దగ్గరైనా దించినావా?"

"లేదు సార్. నేనే రాశాను."

"మరి ఐదు లైన్లకేటి బయం?"

కుర్చీ లాగి కూర్చోబెట్టారు. ఒక్క అక్షరం కూడా అందించకుండా నాచేతే కొట్టించారు. రెండుసార్లు తప్పొచ్చింది. మూడోసారి నా పేరూ, మా ఊరూ తెర మీద పడ్డాయి. "అదీ!" అని భుజం తట్టి, పుస్తకాల సంచీ తీసుకుని మెట్లు దిగిపోయారు. ఇవాళ నాకు అన్నం పెడుతున్నది ఆ విద్యే.

ఆ రోజు మాత్రం సిగ్గుతో చచ్చిపోయాను. ఆ పేరు చూడలేక తుడిచేద్దామనుకున్నాను. తెర ఎలా తుడవాలో ఆయన మాకింకా నేర్పలేదు.