ఉత్తమ అత్త ఎవరో నేనే చెప్పాను

ఈ రోజు మిరప చేనులో కాయలు ఏరుతూ అందరూ సీరియల్ అవార్డుల గురించే మాట్లాడుకున్నారు. ఉత్తమ అత్త ఎవరో సాయంత్రం టీవీలో చెబుతారు. కోడలిని కడుపులో పెట్టుకుని చూసే అత్తగా నటించినామెకే వస్తుందని మా అత్తమ్మ అన్నది. నేను నలుగురిలో మాట్లాడను. ఇవాళ ఎందుకో నోరు ఊరుకోలేదు.

"కోడల్ని సతాయించే ఆమెకే వస్తది అత్తమ్మా. ఆమెను చూస్తే నిజంగనే భయమైతది."

"అబ్బో, దీనికి నోరున్నదే! గదే నిజమైతె రేపే నిన్ను తల్లిగారింటికి తోలిస్త, పో!"

చేనులో అందరూ నవ్వారు.

మా అమ్మవాళ్లది లింగాల ఘనపూర్. దసరా తర్వాత నేను పోలేదు. ఇంటికి రాగానే రెండు చీరలు సంచిలో పెట్టుకుని టీవీ ముందు కూర్చున్నాను. నేను చెప్పినామెకే వచ్చింది.

అత్తమ్మ టీవీ మీది నుంచి చూపు తిప్పకుండానే, "కాయ ఏరుడు ఒడవనియ్యి, పోదువు తియ్యి" అన్నది.

ఏరడం అయిపోయేదాకా ఆగాలట. సరే అని లేచి అన్నం వడ్డించాను. ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. చీరలు ఇంకా సంచిలోనే ఉన్నాయి.

ఉత్తమ కోడలి అవార్డు రేపట. ఎవరికి వస్తుందో మీరే చెప్పండి, నేను మాత్రం చెప్పను.