సామి పేరుకు సర్కారు రుజువు

ఫినాయిలు వాసన ముక్కుకు తగిలితే చాలు, నాకు మునిరత్నం నాయుడు గుర్తొస్తాడు. తిరుపతి బస్టాండు వెనక ఆయన లాడ్జికి నేను మేనేజర్ని. వరండా కడిగించడంలో ఆయన పట్టుదల చూసి దోమలు చంద్రగిరికి వలసపోయాయి. లాడ్జి పేరు శ్రీనివాస. తిరుపతిలో ఆ పేరు లేని వీధి వెతకాలంటే ఒక జన్మ చాలదు. పంక్చర్లు వేసేవాడి దగ్గర్నుంచి పళ్లు పీకే డాక్టరు దాకా అందరివీ శ్రీనివాస బోర్డులే.

ఇంటర్నెట్టు వచ్చిన కొత్త. ఎదురుగా లేచిన పెద్ద హోటలు యాత్రికులను కంప్యూటర్లోనే పట్టేసుకుంటుంటే, మా గదుల తాళాలు తుప్పు పట్టాయి. మాకూ ఒక వెబ్‌సైటు లేకుంటే లాడ్జి మూతే. చివర డాట్ కామ్ అనే తోకతో మా పేరును సముద్రాల అవతల ఎవడో అప్పటికే పట్టుకుపోయాడు. విడిపించమని నాయుడు ఢిల్లీకి మొరపెట్టుకుంటే, అది తమ చేతిలో లేదన్నారు. సరే, సర్కారు చేతిలో ఉన్న డాట్ ఇన్ తోకైనా ఇమ్మంటే, శ్రీనివాస అనే పేరు మీ ఒక్కరిదేనని రుజువు చూపమన్నారు.

నాయుడు ఊరి మీద పడ్డాడు. మాకు అడ్డు రామని ఢిల్లీకి చెప్పండంటూ శ్రీనివాసలందరినీ బతిమాలాడు. కంప్యూటరు ఎట్లుంటుందో తెలియని పంక్చరు శ్రీనివాస, ట్యూబును నీళ్లలో ముంచుతూ, ఆ తోకేదో తనకూ కావాలన్నాడట. ఢిల్లీకి ఫోను చేస్తే అడగాల్సిన ఆఫీసరు భోజనానికి వెళ్లాడన్నారు. ఆ భోజనం వారం సాగింది.

ఓ పొద్దున నాయుడు బోర్డు దించమన్నాడు. వాళ్లమ్మ పేరు పెడతాడట, దొరసానమ్మ లాడ్జి అని.

"సామి పేరు లేకుంటే తిరపతిలో ఎవురు దిగుతారన్నా?" అన్నాను.

"సామి ఊరందరికీ సామేనప్పా. ఆయన నావోడని డిల్లీకి యాడ రుజువు సూపేది? మా యమ్మయితే నాకొక్కడికే అమ్మ."

ఆ పేరుకు పోటీ లేదు; సర్కారు కాదనలేక డాట్ ఇన్ తోక ఇచ్చింది. వెబ్‌సైటు చూసి మొదట సేలం నుంచి ఒక కుటుంబం వచ్చింది. లోపలికి రాకముందే చెప్పులు విడిచి, బోర్డుకు దండం పెట్టి, ఈ అమ్మవారి గుడి ఎక్కడని అడిగారు. నాయుడు వాళ్ల సామాను తానే పైకి మోశాడు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. నా పేరు నాదేనని, నా ఇల్లు నాదేనని, నేనింకా బతికే ఉన్నానని ఏ ఆఫీసులో రుజువు అడిగినా పళ్లు నూరుకుంటాను. ఆపైన, కొండ మీది సామిని ఇబ్బంది పెట్టకుండా, మనసులో దొరసానమ్మకే ఒక దండం పెట్టుకుని వరసలో నిలబడతాను.