నాలుగో చక్రానికి లేని గీత

పద్దెనిమిదేళ్ళపాటు ఆమె బిగించిన ప్రతి చక్రానికీ ఇంకొకరు సంతకం పెట్టారు. ఇదేమిటని ఆమె ఒక్కసారి కూడా అడగలేదు.

ఆ షెడ్డులో బాగుకు వచ్చిన ప్రతి కారుకూ ఒక పసుపు కార్డు రాస్తారు. కార్డు అడుగున 'పని చేసినవారు' అని ఒక గడి. అందులో ఓనరు బావమరిది సంతకం పెట్టేవాడు. అందరూ అతన్ని హెడ్డు అనేవారు. సొమ్మొకడిది, సోకొకడిది. జీతాల పుస్తకంలో మాత్రం ఆమె పేరుకు ఎదురుగా 'ఊడ్చే మనిషి' అని ఉండేది. అది పూర్తిగా అబద్ధమూ కాదు. పొద్దున వచ్చి చీపురు పట్టేది, చీపురు గోడకు ఆనించి స్పానరు పట్టేది.

ఈ పని ఆమెకు మొగుడి నుంచి వచ్చింది. అతను అక్కడే ఫిట్టరు. కుడిచేతికి వణుకు వచ్చాక పెళ్ళాన్ని సాయానికి తెచ్చుకుని, తను స్టూలు మీద కూర్చుని నోటితో పని చెప్పేవాడు. ఏడాది తిరిగేసరికి చెప్పాల్సిన అవసరం పోయింది. ఆ తర్వాత అతను ఇంటిపట్టున ఉండిపోయాడు, ఆమె షెడ్డులో ఉండిపోయింది.

నాలుగు బోల్టుల కారును అయిదు బోల్టులకు మార్చడంలో ఆమెది అందె వేసిన చెయ్యి. పాత చిన్న కారుకు వేరే కారు చక్రాలు వేసుకోవాలని సరదా పడేవాళ్ళు చాలామంది. చక్రం బిగించే ఇరుసు కొస దిమ్మ, అదే హబ్బు, నాలుగు బోల్టులదైతే దానికి అయిదు రంధ్రాల చక్రం ఎక్కదు. కొన్నిచోట్ల మధ్యలో పళ్ళెంలాంటి ముక్క ఇరికించి పంపేస్తారు. ఆమె ఒప్పుకునేది కాదు. "సరిపోని చెప్పులో గుడ్డలు కుక్కుకుని పరిగెత్తమన్నట్టుంటుంది" అనేది. పాత హబ్బును ప్రెస్సు మిషను మీద నొక్కి ఊడదీసేది. తీసేటప్పుడు బేరింగు ఎలాగూ పాడవుతుంది కాబట్టి కొత్తది ఎక్కించేది. అయిదు బోల్టుల హబ్బు, దానికి తగ్గ బ్రేకు డిస్కు, చివరగా మధ్యలో పెద్ద నట్టు. ఆ నట్టు అంచును ఇరుసు గాడిలోకి కొట్టి నొక్కేస్తారు, వదులవకుండా. ఒకసారి నొక్కి విప్పిన నట్టును మళ్ళీ వాడకూడదు. కొత్తదే వెయ్యాలి.

బిగింపు అయ్యాక నట్టు మీదుగా ఇరుసు కొస దాకా ఆకుపచ్చ గోళ్ళరంగుతో ఒక గీత గీసేది. నట్టు వెంట్రుకవాసి తిరిగినా గీత విరిగి కనిపిస్తుంది. ఆ రంగు చెల్లెలు బహుమతిగా ఇచ్చిన సీసా. "ఈ గ్రీజు చేతులకు ఇదొకటా, పిచ్చిదానా!" అని నవ్వి, దాన్ని నట్లకు పెట్టింది. సీసా అయిపోతే మళ్ళీ అదే రంగు కొనేది. షెడ్డులో ఇంకెవరూ గీత గీసేవారు కాదు. "నట్లకు సింగారాలు చేస్తోందిరోయ్" అని హెడ్డు ఎగతాళి చేసేవాడు.

ఒకరోజు మందుల షాపు నడిపే ఒకావిడ తన పాత కారు తెచ్చింది.

"అయిదు బోల్టుల అక్కవు నువ్వేనా? మా తమ్ముడి కారు నువ్వే చేశావట. నీ చేతే చేయించుకోమన్నాడు."

ఆ మాటకు ఆమె కడుపు నిండిపోయింది. మధ్యాహ్నానికి మూడు చక్రాలు పూర్తిచేసింది. నాలుగోది, వెనక ఎడమవైపుది, సగంలో ఉండగా ఓనరు ఆఫీసు గదిలోంచి కేకేశాడు.

"ఎవరో పెద్దవాళ్ళు వస్తున్నారు. ఈ గది కడిగి పో."

"ఒక్క నట్టుందండీ, బిగించి వస్తాను."

"నట్టు ఎవడైనా బిగిస్తాడు. గది ఎవడు కడుగుతాడు?"

కొత్త నట్టు ప్యాకెట్టు కోటు జేబులో వేసుకుని బకెట్టు పట్టుకుంది. గది కడిగి వచ్చేసరికి నాలుగో చక్రం ఎక్కించేసి ఉంది. హెడ్డు చేతులు తుడుచుకుంటున్నాడు.

"నట్టు కొత్తది వేశారా? ప్యాకెట్టు నా దగ్గరే ఉండిపోయింది."

"నాకు నేర్పుతున్నావా? నీ మొగుడు ఇక్కడ స్పానరు పట్టకముందు నుంచీ ఉన్నాన్నేను. పోయి బకెట్టు ఖాళీ చెయ్యి."

చక్రం విప్పి చూడాలని మనసు పీకింది. అయినా బకెట్టు పట్టుకుని బయటికి నడిచింది. పద్దెనిమిదేళ్ళు మూసుకున్న నోరు అవసరమైన ఒక్క నిమిషంలో తెరుచుకోమంటే తెరుచుకుంటుందా? ఆమె తప్పు ఏదైనా ఉంటే అదొక్కటే. దాన్ని ఆమె ఈనాటికీ దాచుకోదు.

పదకొండో రోజున మలుపులో ఆ చక్రం హబ్బుతో సహా ఊడి కాలవలో పడింది. కారు గోడకు గుద్దుకుని మందుల షాపావిడకు మణికట్టు విరిగింది. మర్నాడు కట్టు కట్టిన చేత్తో ఆవిడ షెడ్డుకొచ్చింది. ఓనరు పసుపు కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. 'పని చేసినవారు' గడిలో, మొట్టమొదటిసారి, ఆమె పేరు ఉంది. సిరా ఇంకా కొత్తగా మెరుస్తోంది.

ఆ గడిలో తన పేరు చూసుకోవాలని ఆమెకు ఎన్నాళ్ళ నుంచో కోరిక.

"నేను చేసింది మూడేనండీ. చక్రాల మధ్య మూతలు తీసి చూడండి, నట్ల మీద ఆకుపచ్చ గీతలుంటాయి. ఊడినదానికి ఉండదు. కొత్త నట్టు ఇదిగో" అని జేబులోని ప్యాకెట్టు బల్ల మీద పెట్టింది.

హెడ్డు దాన్ని చటుక్కున అందుకున్నాడు. "చూశారా మేడమ్? వెయ్యాల్సిన నట్టు జేబులోనే పెట్టుకుంది. తనే ఒప్పుకుంటోంది."

మందుల షాపావిడ ఓనరు వైపు తిరిగింది. "అసలు ఈవిడ ఫిట్టరేనా?"

ఓనరు జీతాల పుస్తకం కూడా తీశాడు. "ఊడ్చే మనిషండీ. మేం చూడనప్పుడు కార్ల మీద చెయ్యి వేస్తున్నట్టుంది. ఇవాళే పంపించేస్తాం."

జీతానికి ఊడ్చే మనిషి, నేరానికి ఫిట్టరు. రెండు పుస్తకాలూ ఒకే బల్ల మీద, పక్కపక్కనే తెరిచి ఉన్నాయి. ఆ గదిలో ఎవరికీ అది వింతగా తోచలేదు.

ఇంటికొచ్చి చెబితే మొగుడు అంతా విని ఇలా అన్నాడు. "అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ. ఊరికే అన్నారా?"

"సామెతలతో నట్లు బిగుసుకోవయ్యా" అంది ఆమె. ఆ రాత్రే కాగితం, కలం తీసింది. తాను పద్దెనిమిదేళ్ళు ఫిట్టరుగా పనిచేశానని, అలాగే గుర్తించాలని, ఆ కార్డు మీది నింద కొట్టేయాలని కార్మికశాఖకు అర్జీ పెట్టుకుంది. అక్కడి అధికారి మర్యాదగానే అడిగాడు. "సాక్ష్యం ఏముందమ్మా? కార్డులన్నీ ఆయన సంతకంతోనే ఉన్నాయి కదా."

ఆమె మందుల షాపావిడ తమ్ముడి ఇంటికి వెళ్ళింది. వాకిట్లో అతని కారు ఉంది. మూత తీసి చూపించింది. గీత చెక్కుచెదరలేదు. అతను వంగి చూసి మెచ్చుకున్నాడు కూడా.

"నీ పనికి వంక పెట్టలేమక్కా. కానీ ఆఫీసులూ సాక్ష్యాలూ అంటే... మా అక్కతో కూడా మాటొస్తుంది. మనకెందుకొచ్చిన గొడవ చెప్పు?"

చక్రం కావలసి వచ్చినప్పుడు ఆమె అక్క. సాక్ష్యం కావలసి వచ్చినప్పుడు ఆమె గొడవ.

ఇప్పుడామె ఇంకో షెడ్డులో చేరింది. అక్కడ నిజంగానే ఊడుస్తుంది. స్పానరు ముట్టనివ్వరు. కార్మికశాఖలో ఆమె అర్జీ మీద విచారణ వచ్చే నెలలో ఉంది.

అందుకే ఇది చదివి అయ్యో పాపం అనకండి. ఆ మాట ఆమెకు అక్కర్లేదు. మీ కారుకు ఎప్పుడైనా అయిదు బోల్టుల హబ్బులు వేయించి ఉంటే, చక్రం మధ్యలోని మూత తీసి ఒక్కసారి చూడండి. నట్టు మీదుగా ఆకుపచ్చ గీత ఉంటే ఫొటో తీసి, షెడ్డులో మీ కార్డు నకలు అడిగి తీసుకుని జతచేసి, విచారణకు రండి. ఆ కార్డు మీద సంతకం ఎవరిదో, ఆ గీత ఎవరిదో మీ నోటితో చెప్పండి. గీత లేకపోయినా ఒక పని చేయండి. ఈసారి బండి తీసుకునేటప్పుడు తాళాలు అందుకోకముందే అడగండి, దీన్ని బిగించిందెవరని. ఆ మనిషిని పిలిపించండి. ఆ గడిలో ఆ మనిషి చేతే, మీ కళ్ళెదుటే, పేరు రాయించండి. చక్రం ఊడాక రాసే పేరు ఎవరికీ పనికిరాదు.