రెండు సీసాలు, నాలుగు మొద్దుకాళ్ళు

నిండు ప్రాణం తీశానని నమ్మి, చిత్తూరు నుంచి తిరుపతి దాకా బస్సులో కొంగు తడుపుకుంటూ వెళ్ళిన ఘనత నాది. పోయిందనుకున్న ప్రాణం మా వదినది. నేను వాడిన ఆయుధం రెండు స్టీలు గ్లాసులు. మీరు నవ్వండి, పరవాలేదు. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు.

ఏడెనిమిదేళ్ళ కిందటి మాట. చిత్తూరులో నాకు బ్లౌజులు కుట్టే కొట్టు ఉంది. షుగరు వచ్చి పదేళ్ళయ్యేసరికి నా పాదాల్లో నరాలు దెబ్బతిన్నాయి. నడిస్తే దూది మీద నడిచినట్టు, కూర్చుంటే కారం పూసినట్టు మంట. మిషను పెడల్ మీద కాలుందో లేదో తెలిసేది కాదు. ఓసారి ఆపాల్సిన చోట ఆపలేక, ఒకావిడ బ్లౌజుకి రెండు చేతులూ మూసి కుట్టేశాను. "ఇది బ్లౌజా, దిండు గలీబా?" అని ఆవిడ నా మొహాన్నే అడిగింది.

మా ఆయన అక్క, అంటే మా వదిన పద్మావతమ్మది తిరుపతి. ఆమెకూ అదే షుగరు, అవే కాళ్ళు. కానీ జబ్బులో కూడా ఆమె నాకంటే ఒక మెట్టు పైనుండాలి. "నీకు మొద్దు చీలమండ దాకానే కదా మే, నాకు మోకాలి దాకా ఉండాది" అనేది గర్వంగా. ఆమే ఒకరోజు ఫోన్ చేసింది.

"ఏమే సరోజా, ఈడ ఆసుపత్రిలో నరాలకు కొత్త మందు పరీక్ష చేస్తా ఉండారంట. చేరుదామా?"

"పరీక్షంటే మన మీదనా వదినా?"

"మన మీద గాక గోడ మీద చేస్తారా? రా మే!"

వెళ్ళాం. డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు. "సగంమందికి మందు మాత్రలు, సగంమందికి మందులేని ఉత్త మాత్రలు. చూడ్డానికి రెండూ ఒకటే. ఎవరికేవి వచ్చాయో మీకూ తెలీదు, నాకూ తెలీదు. ఒకరివి ఇంకొకరు మాత్రం వేసుకోకూడదు." పెళ్ళిచూపుల్లో పిల్లలా అన్నింటికీ తలూపి సంతకం పెట్టాను.

తర్వాత కస్తూరి అనే నర్సు నన్ను కళ్ళు మూసుకోమంది. సన్నటి నైలాన్ దారంలాంటి దాంతో పాదం తాకి చూస్తుందట.

"తెలుస్తా ఉండాదా అక్కా?"

"ఓ, బాగా తెలుస్తా ఉండాది!"

"నేనింకా ముట్టుకోలేదక్కా."

మొదటి నెల మాత్రలు అయిపోయాయి. నాకు వీసమెత్తు తేడా లేదు. రెండో నెల సీసాల కోసం ఇద్దరం మళ్ళీ ఆసుపత్రికి వెళితే, వరండాలో కూర్చుని వదిన కుచ్చిళ్ళు సర్దుకుంటూ అంది, "నిన్న అలిపిరి మెట్లెక్కి గాలిగోపురం దాకా పోయొచ్చినాను మే. కాళ్ళు దూదిపింజలే అనుకో!"

నేను వంగి నా పాదాలకేసి చూసుకున్నాను. అయినా నేనేం తక్కువ తిన్నానా? "నాకూ అంతే వదినా. చీమ పాకినా, అది ఆడదో మగదో తెలిసిపోతా ఉండాది."

చీమ దాకా ఎందుకు, ముందురోజు చెప్పు జారిపోతే తెలియక వీధి చివరిదాకా ఒంటి చెప్పుతో నడిచిన మనిషిని నేను.

అసలు మందు ఆమెకే వచ్చిందని నాకు తేలిపోయింది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు, నాకు మాత్రం వదినగారి మాత్ర మందు. మధ్యాహ్నం వాళ్ళింట్లో భోజనమయ్యాక, ఆమె బట్టలు తీయడానికి మిద్దెమీదికి వెళ్ళింది. వెంటనే నా మొద్దుకాళ్ళకు ఎక్కడలేని చురుకు వచ్చింది. రెండు సీసాలనూ రెండు స్టీలు గ్లాసుల్లో వంపాను. ఆమె మాత్రలన్నీ నా సీసాలోకి, నావన్నీ ఆమె సీసాలోకి పోశాను. మూతలు బిగించి, దేవుడి పటానికి వీపు పెట్టి కూర్చున్నాను.

మర్నాటి నుంచే అద్భుతం! మంట తగ్గింది. వారం తిరిగేసరికి పెడల్ నా మాట వింది. రోజుకు నాలుగేసి బ్లౌజులు కుట్టాను, అదీ చేతులు తెరిచి ఉన్నవి.

అంతలో ఒక శనివారం, మా ఆయన ఫోన్ చేతబట్టుకుని కొట్టులోకి పరుగెత్తుకొచ్చాడు. "అక్క కళ్ళు తిరిగి పడిపోయినాదంట. ఆసుపత్రిలో ఉండాదంట. నువ్వు ముందు పో, నేను డబ్బు తీసుకొని వెనకాలే వస్తా."

నా మాత్రలే! అసలు మందు నేను కాజేసి, ఉత్త మాత్రలు ఆమె చేత మింగించాను. బస్సులో కండక్టరు "యాడికమ్మా?" అంటే "జైలుకప్పా" అనబోయి తమాయించుకున్నాను.

ఆసుపత్రిలో వదిన మంచం మీద కళ్ళు మూసుకుని ఉంది. చేతికి గ్లూకోజ్. పక్కన డాక్టరుగారు, కస్తూరి. నేను గుమ్మంలోనే కూలబడ్డాను.

"డాక్టరుగారూ! మా వదినను చంపింది నేనే!"

"ఎవురే ఈడ సచ్చినోళ్ళు?" అంటూ వదిన లేచి కూర్చుంది.

ఏడుస్తూనే గ్లాసుల సంగతంతా కక్కేశాను. డాక్టరుగారి మొహం మాడిపోయింది. వదిన నన్ను నాలుగు తిట్టాలి కదా, ఆమె మాత్రం ఫ్యాను రెక్కలు లెక్కపెడుతోంది.

"తిట్టు వదినా!"

"ఏమని తిట్టేది మే? అంతకు ముందే, నువ్వు ఫోన్ మాట్లాడను వాకిట్లోకి పోయినప్పుడు, నేనూ మార్చేసినాను."

"ఏం మార్చినావు?"

"నీ మాత్రలన్నీ నా దాంట్లోకి, నావన్నీ నీ దాంట్లోకి. చీమ ఆడదో మగదో తెలుస్తా ఉండాదంటివే! మందు నీకే వచ్చుండాదనుకున్నా."

"మరి గాలిగోపురం?"

"మొదటి మెట్టుకు పసుపు పెట్టి, ఆటోలో ఇంటికొచ్చినాను."

డాక్టరుగారు కాగితం మీద రెండు సీసాల బొమ్మలు గీశారు. ఒక్క మాత్రైనా మిగిలిందా, కలిసిందా అని మమ్మల్ని విడివిడిగా రెండుసార్లు అడిగారు. లేదన్నాం. ఆయన కుర్చీలో వెనక్కి వాలిపోయారు. "ఆవిడ మార్చారు, తర్వాత మీరు మార్చారు. అంటే ఎవరివి వాళ్ళ సీసాలోకే వచ్చేశాయి. ఇన్నాళ్ళూ మీ మాత్రలే మీరు వేసుకున్నారమ్మా!"

"మరి కళ్ళు తిరిగిందెందుకు?"

కస్తూరి చెప్పింది. "పెరటాసి నెల శనివారమని సామికి ఒక్కపొద్దుండి, షుగరు మాత్ర మాత్రం మానకుండా మింగినాదంట. షుగరు పడిపోయినాది. గ్లూకోజ్ ఎక్కినాక లేచి దోసె అడిగింది."

నా నెత్తిమీది ఏడుకొండలూ ఒక్కసారిగా దిగిపోయినట్టయింది. వదినను వాటేసుకుని బావురుమన్నాను. ఆమె ఏడవబోయి నవ్వింది, నేను నవ్వబోయి ఏడ్చాను. డాక్టరుగారు మాత్రం నవ్వలేదు. "నిజంగా తారుమారై ఉంటే, మీకేమైనా అయినప్పుడు ఏ మందు వల్ల అయిందో మాకెట్లా తెలిసేది?" అని ఇద్దరినీ చెడామడా కేకలేశారు. జరిగిందంతా పైవాళ్ళకు రాసి, జవాబు వచ్చేదాకా మాత్రలు ఆపేశారు. చివరికి పరీక్షలో ఉండనిచ్చారు గానీ, సీసాలు తీసుకోవడానికి నాకు మంగళవారం, ఆమెకు గురువారం అని వేరుపెట్టారు.

ఆ రోజు వచ్చేటప్పుడు మనసు ఆగక కస్తూరిని అడిగాను. "నావి నేనే మింగుంటే, మార్చినాక నాకు మంట ఎట్ల తగ్గింది?"

"తగ్గింది కాలిమంట కాదక్కా" అంది కస్తూరి, "కడుపుమంట."

అందుచేత, కుట్టుమిషను సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో నా పేరు లేని సీసా మూత ముట్టుకోను. మా వదిన మామిడికాయ ఊరగాయ జాడీ మాత్రం ఈ ప్రమాణం కిందికి రాదు.